పంచాంగము విన్నాము, పద్దు వ్రాయలేదు

ఉగాదినాటి పంచాంగ శ్రవణము మనవారు నేటికిని విడువని ఆచారము. తొండేభావి మొదలు గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి వరకు ఏ తెలుగు ఇంట చూచినను, వేపపూత పచ్చడి నోట వేసికొన్న పిదప “మన రాశికి ఆదాయ మెంత, వ్యయ మెంత?” అని అడుగనివారు అరుదు. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని చెప్పినచో ఇల్లంతయు ఒక్కసారి నిట్టూర్చును. పదునొకండు, ఐదు అనినచో చిరునవ్వు నవ్వును. అంతటితో పంచాంగము గూటిలోనికి పోవును. మరల ఎవరింటనైనను పెండ్లిమాట వచ్చినప్పుడు గాని దాని దుమ్ము దులుపుట లేదు.

రాశిఫలముల అంకెలు నిజమగునో కాదో చెప్పుటకు మేము జ్యోతిష్కులము కాము. కాని అదే పంచాంగపు వెనుక పుటలలో అచ్చువేసిన వివాహ ముహూర్తముల పట్టిక మాత్రము మన చేతి సంచిని తప్పక తాకును. ఏ మాసమున పెండ్లిండ్లు ముసురుకొనునో, ఏ మాసమున ఒక్కటియు ఉండదో ఏడాది ముందుగనే తెలియుచున్నది. ఆషాఢము, భాద్రపదము, పుష్యము మనకు ఊపిరి తీసికొను నెలలు. మాఘ ఫాల్గుణములు, వైశాఖ జ్యేష్ఠములు, శ్రావణము చేయి చాచవలసిన నెలలు. ఇంత తెలిసియు, ముహూర్తమునకు ముందునాటి సాయంకాలమున దుకాణమునకు పరుగెత్తి, చెప్పిన ధర కిచ్చి, చేతిలో లేనిచో అప్పు తెచ్చి కానుక కొనుట మనలో సర్వసాధారణమైనది. దీనిని గూర్చియే ఈ వారము నాలుగు మాటలు వ్రాయదలచితిమి. డబ్బు మిగుల్చుకొనుట మంచిదని చెప్పుటకు పత్రిక యొకటి అక్కరలేదు. ఆ డబ్బు లేకపోవుటచే మనకు జరుగుచున్న నష్టము డబ్బుతో పోవుట లేదు. అందువలననే ఈ ప్రస్తావన.

మాకు తెలిసిన ఒక కుటుంబము సంగతి చెప్పెదము. పేర్లు వ్రాయుట మర్యాద కాదు. తొండేభావి ప్రాంతమున కొన్ని తరములుగ సేద్యము చేసికొను ఇల్లు. యజమాని అక్కగారిని హిందూపురము వైపు ఇచ్చినారు. ఆమె పెద్దకూతురి పెండ్లి కుదిరినది. మేనమామ లేనిదే మన పెండ్లి జరుగదు; పెండ్లికూతురిని బుట్టలో కూర్చుండబెట్టి మండపమునకు తెచ్చువాడు ఆయనయే. ఆయన పెట్టవలసిన పట్టుచీర, వెండి కుంకుమభరిణ, పెండ్లికొడుకునకు బట్టలు, అన్నియు కలిపి ఇరువది వేల రూపాయలలో తేలిపోవు పని. ఆ యేడు పట్టుగూళ్లు సరిగా రాలేదు. అప్పు చేయుటకు మనసు రాలేదు. పెండ్లికి రెండు దినముల ముందు “జ్వరముగా నున్నది, రాలేను” అని కబురు పంపినాడు. వరుసకు తమ్ముడగు వేరొకరు బుట్ట పట్టినారు.

జ్వరము రాలేదు, రూపాయలు రాలేదు. అక్కగారికి ఆ సంగతి తెలియకుండునా? ఆమె కోపగించుకొనలేదు, ఫోను చేయుట మానినది. ఈ ఇంటి పిల్లవాడు వేసవి సెలవులు వచ్చినచో మేనత్త ఇంట నెలదినములుండి, అక్కడి పిల్లల వాచకములు ముందు పెట్టుకొని తెలుగు చదువ నేర్చినవాడు. రెండు వేసవులు గడచినవి, వాడు వెళ్లలేదు. నేడు అవ్వ తెలుగున పిలిచిన కన్నడమున పలుకుచున్నాడు. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష, ఇరుగుపొరుగుల భాష, మన బడుల భాష. దానిపై మాకు ఏ ఫిర్యాదును లేదు. కాని ఇక్కడి మనబోటి ఇండ్లలో తెలుగు అక్షరము నిలిచినదన్నచో, అది చాలవరకు హిందూపురము, పెనుకొండ, కదిరి, మదనపల్లెలకు పోయి వచ్చు చుట్టరికము చేతనే నిలిచినది. ఆ రాకపోకలు తెగినచో దాని స్థానమున నిలుచునది మరియొకటి లేదు.

ఇప్పుడు లెక్క చూతము. ఆ పెండ్లికి నిశ్చితార్థమునకును ముహూర్తమునకును నడుమ పది నెలలు గడచినవి. నెలకు రెండు వేలు పక్కకు పెట్టినచో ఇరువది వేలు. పాడి యున్న ఇంటికి, పాల డెయిరీనుండి పైకము చేతికి వచ్చు ఇంటికి, అది అసాధ్యము కాదు. అట్లు గాక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చియున్నచో నెలకు ఆరు వందలు, ఏడాదికి ఏడువేల రెండు వందలు వడ్డీయే. అసలు అట్లే యుండును. ఆయన అప్పు చేయకపోవుట తప్పు కాదు. పది నెలలు ఊరకుండుటయే తప్పు. సేద్యగానికి వచ్చిన చిక్కేమనగా, శిడ్లఘట్ట సంతలో గూళ్లు అమ్మిన దినమున పెండ్లి ఉండదు, పెండ్లి ఉన్న దినమున గూళ్లు ఉండవు. జీతగాండ్రకు నెల మొదటి తేదీ యొకటి కలదు. మనలో చాలమందికి అదియు లేదు. అట్టివారే ముందుగా పద్దు వ్రాసికొనవలసినది. మనమో, జీతగాండ్రకే పద్దులు తగునని తలచుచున్నాము.

ముందుచూపు మనవారికి కొత్తది కాదు. దాని కొక పుస్తకము కూడ ప్రతి ఇంట నున్నది. అదియే చదివింపుల పుస్తకము. పెండ్లిపందిరిలో ఒక మూల బల్ల వేసికొని, వచ్చినవారి పేరు, ఊరు, చదివించిన మొత్తము వ్రాసి, మైకులో చదివి, పెండ్లి ముగిసిన పిదప పసుపు పూసి పెట్టెలో దాచు పుస్తకము. అది మనము పుచ్చుకొన్న అప్పుల చిట్టా. పలుమంది చుట్టములు కొద్ది కొద్దిగా, వడ్డీ లేకుండ, మన ఇంటి పెండ్లికి ఇచ్చిన బదులు. ఎవరి ఇంట ఎవరు ఎదిగిన పిల్లలో, ఎవరికి మన మెంత తిరిగి చదివించవలెనో అందుండి తెలియును. ఉగాదినాడు పంచాంగము విన్న పిదప ఈ పుస్తకమును పెట్టెలోనుండి తీసి, రానున్న యేడు ఏయే ఇండ్ల పెండ్లిండ్లు పడునో ఇంటిల్లిపాదియు కూర్చుండి ఒక కాగితముపై వ్రాసికొనినచో, సగము పని ముగిసినట్లే. ఈ పని ఇండ్ల ఆడవారు బాగుగ చేయుదురు. మగవారికి పిలుపు వచ్చువరకు ఎవరి పెండ్లియో జ్ఞాపకము రాదు.

ప్రేమకు లెక్కలేమిటి అని కొందరు పెద్దలు అనుచున్నారు. ఆ మాటపై మాకు గౌరవము కలదు. అయినను మైకులో పేరు పెట్టి మొత్తము చదువు ఆచారమున లెక్క ఎప్పుడును ఉన్నది. ప్రేమ చెడునది పద్దు వ్రాయుటచే కాదు, ఎదుటివాడు ఇచ్చిన దానికి తూగలేమను సిగ్గుచే. ఆ సిగ్గునకు మొదటి ఫలము, చుట్టము కనబడినప్పుడు వీధి మార్చుకొని పోవుట.

వస్తువుల విషయమున మన అలవాటు మరింత వింతగా నున్నది. స్టీలు బిందెలు, గోడ గడియారములు, అద్దపు పటములు ఒకే పందిరిలో పది పది పోగగును. మా మిత్రులలో ఒకరు చదివించిన గోడ గడియారము మూడు గృహప్రవేశములు తిరిగి, నాలుగవయేట ఆయన ఇంటికే వచ్చి చేరినది. అట్టపెట్టె కూడ మారలేదు. ఆయన దానిని ఇప్పుడు గోడకు తగిలించి, చూచినవారికెల్ల ఈ కథ చెప్పుచున్నారు. అన్నదమ్ముల బిడ్డలు నలుగురు కలిసి ముందుగా మాటలాడుకొని, కొత్త సంసారమునకు పనికివచ్చు వస్తువు ఒకటి కొనియిచ్చినచో ఒక్కొక్కరికి ఖర్చు తగ్గును, పుచ్చుకొన్నవారికి వస్తువు మిగులును. కాని ఇందుకు నెలదినముల వ్యవధి వలయును. ముందునాటి సాయంకాలమున నలుగురు కలియలేరు. బట్టల దుకాణములవారు ఆషాఢమున ధరలు తగ్గించుట అందరికిని తెలిసినదే. శ్రావణపు పెండ్లికి ఆషాఢమున చీర కొన్నవారు తెలివిగలవారు. తగ్గింపు చూచి అక్కరలేని మూడు చీరలు కొన్నవారిని గూర్చి మేము ఏమియు చెప్పము.

గౌరి పండుగ మాట వేరుగ చెప్పవలెను. భాద్రపద శుద్ధ తదియనాడు పుట్టింటినుండి ఆడబిడ్డకు బాగినము పోవుట ఈ సీమలో మనము కన్నడ సోదరులతో పంచుకొన్న ముచ్చట. దానికి తిథి యున్నది, ఏటేట వచ్చును, ఎవరును పిలువనక్కరలేదు. ఇంత నిశ్చితమైన ఖర్చు మరియొకటి లేదు. అయినను పూలు, గాజులు, చేటల ధరలు రెట్టింపగు ఆ చివరి మూడు దినములలోనే మనము సంతకు పోవుదుము. పూలు ముందుగా కొనలేము గాని, గాజులును చేటలును చెడిపోవు వస్తువులు కావు గదా!

కానుకల ఖర్చును చదువుల ఖర్చును వేరు వేరు గదులలో నుంచి ఆలోచించుట మన మరియొక పొరపాటు. అవి రెండును ఒకే ద్వారమున ఒకే దినమున వచ్చును. పరాభవ నామ సంవత్సరమునే చూడుడు. 2026లో జ్యేష్ఠము అధికమాసమగుటచే మే 17 మొదలు జూన్ 15 వరకు పెండ్లిండ్లకు వ్యవధి లేదు. కావున ముహూర్తములు అంతకు ముందు వైశాఖమునకును, జూన్ నడుమ ఆరంభమగు నిజజ్యేష్ఠమునకును ఒరిగిపోవును. నిజజ్యేష్ఠమనగా సరిగా కళాశాలల రుసుములు కట్టు కాలము. ఒక చేత చదివింపుల కవరు, ఒక చేత రుసుము రసీదు. ఇట్టి యేడు పంచాంగము చూచినవానికి ఉగాదినాడే తెలియును, చూడనివానికి జూన్‌లో తెలియును.

పిల్లలు బెంగుళూరునకు చదువులకు పోయినప్పుడు మనకు కనబడు ఖర్చు కళాశాల రుసుము. కనబడనివి గది అడ్వాన్సు, పరీక్ష రుసుము, రికార్డు పుస్తకములు, వారమువారము ఇంటికి వచ్చిపోవు చార్జీలు. తొండేభావిలో రైలు స్టేషను కలదు. బెంగుళూరు, హిందూపురముల మధ్య తిరుగు బండ్లు అక్కడ ఆగును. సీజను టికెట్టు నూటయేబది కిలోమీటర్ల వరకు ఇచ్చెదరు, మన దూర మందులో సగమైనను కాదు. మూడు నెలల టికెట్టునకు నెల టికెట్టు కంటె రెండున్నొక్క డెబ్బది పైసల వంతు, అనగా 2.7 రెట్లు మాత్రమే వసూలు చేయుదురు. పన్నెండవ తరగతివరకు బాలురకును, డిగ్రీవరకు బాలికలకును ఇంటినుండి బడికి పోయివచ్చుటకు రెండవ తరగతి నెల టికెట్టు ఉచితముగ నిచ్చు నియమము రైల్వేలో కలదు. దానికి విద్యాసంస్థ యిచ్చు ధ్రువపత్రము కావలెను. ఆ పత్రమునకై బడి తెరచిన మొదటి వారమున పోయినవారికి పని యగును. దసరా సెలవుల ముందు పోయినవారు అప్పటివరకు చేతి డబ్బు పెట్టినట్లే. దినమునకు నాలుగు గంటలు బండిలో గడపుట చదువునకు మేలా, కీడా యను ప్రశ్న న్యాయమైనదే. ఇంజనీరింగు, వైద్యము చదువువారికి హాస్టలు తప్పదు. మిగిలినవారు ఒక టర్ము బండిలో పోయి చూచి, పిదప గది అడ్వాన్సు కట్టుట మంచిదని మాకు తోచుచున్నది. అడ్వాన్సు కట్టినంత సులభముగ తిరిగి రాదు.

ప్రభుత్వపు విద్యార్థివేతనముల విషయమున మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు, దానిని పలువురు గుర్తింపలేదు. మనము ఇంటిపేరు ముందు పెట్టుకొందుము. ఇక్కడి అలవాటు ఇనిషియలు వెనుక పెట్టుట. బడిలో ఒక తీరు, ఆధారు కార్డులో ఒక తీరు, బ్యాంకులో మరియొక తీరు వ్రాయించుకొని, ఎస్.ఎస్.పి. పోర్టలులో దరఖాస్తు పెట్టునాడు మూడును కలియక పిల్లవాడు నాడకచేరి చుట్టును, బ్యాంకు చుట్టును తిరుగును. గడువు దాటును. వచ్చు డబ్బు రాదు, తిరుగుటకు చార్జీలు పోవును. ఎస్.ఎస్.ఎల్.సి. మార్కుల కార్డుపై ఏ పేరు పడునో అదియే జన్మాంతము వెంటవచ్చును. కావున తొమ్మిదవ తరగతిలో నుండగనే తల్లిదండ్రులు మూడు కాగితములు పక్కపక్కన పెట్టి అక్షరమక్షరము సరిచూడవలెను. ఒక పైసా ఖర్చు లేని పని ఇది. ఆదాయ, కుల ధ్రువపత్రములు కూడ దరఖాస్తులు పిలిచిన పిదప గాక వేసవిలోనే తెచ్చుకొనవచ్చును. పుస్తకముల కొరకు అవెన్యూ రోడ్డున పాత పుస్తకములమ్మువారు కలరు. కాని తొండేభావినుండియే ముందటి యేడు అదే చదువు ముగించిన పిల్ల యొకతె యున్నచో, ఆమె పుస్తకములు ఆ వీధిలోనివాటి కంటె చౌక.

ఇక ప్రయాణములు. 2023 జూన్ 11 నుండి కర్ణాటకమున శక్తి పథకము క్రింద రాష్ట్రపు స్త్రీలకు సాధారణ బస్సులలో టికెట్టు లేదు. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీశక్తి పేరిట ఆ రాష్ట్రపు స్త్రీలకు అదే సౌకర్యము వచ్చినది. మన ఆడపడుచు గౌరిబిదనూరువరకు ఉచితముగ పోవును. ఎల్ల దాటినచో ఆమె అక్కడివారి దృష్టిలో పొరుగు రాష్ట్రపు ప్రయాణికురాలు, టికెట్టు కొనవలెను. అక్కాచెల్లెండ్రు ఇరువురును తమ తమ సరిహద్దు వరకు ఉచితముగ వచ్చి నడుమ కలిసికొనవచ్చునని ఒక చెల్లెలు మాతో నవ్వుచు అన్నది. నవ్వులకు అన్నను అందులో అర్థము లేకపోలేదు. విదురాశ్వత్థము వంటి క్షేత్రము సరిహద్దునకు దగ్గరగా నున్నది. ఏటికొకసారి అక్కడ కలిసికొను కుటుంబములు పూర్వము ఉండెడివి.

దూరపు బండ్లకు రిజర్వేషను 2024 నవంబరు 1కి పూర్వము 120 దినముల ముందు తెరచెడివారు, ఆనాటినుండి 60 దినములకు తగ్గించిరి. పెండ్లి నాలుగు నెలల ముందే కుదిరినను టికెట్టు తీసికొను దినము వేరుగ గుర్తుంచుకొనవలెను. ముహూర్తపు తేదీతో పాటు దానిని కూడ క్యాలెండరులో చుట్టవలెను. మరచినవారికి తత్కాలు మిగులును. అది ప్రయాణమునకు ముందునాడు తెరచును. స్లీపరున మూల చార్జీపై నూటికి ముప్పది చొప్పున, నూరు రూపాయలకు తగ్గక రెండు వందలకు మించక, అదనము. స్థానము ఖాయమైన పిదప మానుకొన్నచో తిరిగి ఏమియు రాదు. నలుగురు పోయి నలుగురు వచ్చు ఇంటికి ఈ అదనమే ఒక చదివింపు మొత్తమగును. వృద్ధులకుండిన చార్జీ తగ్గింపు 2020 మార్చిలో నిలిచినది. మన అవ్వతాతలలో కొందరు అది నేటికిని కలదనుకొని ఖర్చు అంచనా వేయుచున్నారు గనుక ఈ మాట వ్రాయవలసి వచ్చినది.

కూడబెట్టుట ఎచ్చట? చీటీయే మనవారికి ఇష్టము. చీటీని మేము నిందింపము. పదిమంది ఆడవారు పాటకు కూర్చుండి నడపిన చీటీ ఎన్ని పెండ్లిండ్లు చేయలేదు! కాని 1982 నాటి చిట్‌ఫండు చట్టము ప్రకారము నమోదు కాని చీటీలో డబ్బు పోయినచో అడుగుటకు చోటు లేదు. ఈ బాధ మన దేశమునకే చెందినది కాదు. ఇంగ్లండులో క్రిస్మసు కానుకల కొరకు ఏడాది పొడవునను కొద్ది కొద్దిగా కట్టించుకొను ఫేర్‌ప్యాక్ అను సంస్థ 2006 అక్టోబరులో, పండుగకు రెండు నెలలుండగ, కూలిపోయినది. లక్షకు పైగా కుటుంబముల కానుకల డబ్బు అందులో చిక్కినది. కట్టినవారిలో అధికులు మనవంటి చిన్న సంసారులే; ముందుచూపు గలవారే. చూపు సరియైనది, పెట్టిన చోటు సరికాదు. మన తపాలా కార్యాలయమున నెలకు నూరు రూపాయలతోనైనను రికరింగు డిపాజిటు మొదలు పెట్టవచ్చును. అది ఐదేండ్లది గనుక ఏడెనిమిదేండ్ల పిల్లకు ఇప్పుడు మొదలు పెట్టినచో హైస్కూలు ముగియకమునుపే చేతికి వచ్చును. ఏడాదిలోపు అక్కరలకు బ్యాంకులలో ఆరు నెలలు, సంవత్సరపు ఖాతాలు కలవు. ఖాతాకు ఒక పేరు పెట్టుట మేలు. “అక్క కూతురి పెండ్లి” అని పాసుపుస్తకపు అట్టపై వ్రాసిన డబ్బును గడ్డికోత యంత్రమునకు తీయుటకు చేయి కొంచెము వెనుకాడును.

మన సంఘము వారికి ఒక సూచన. ప్రతి ఉగాది సంచికలోను ఒక పుట కేటాయించి, ఆ యేటి ముహూర్త మాసములు, కళాశాల రుసుముల కాలము, విద్యార్థివేతనముల గడువులు ప్రకటింపబడిన వెంటనే వాటి తేదీలు, రైలు పాసులకు కావలసిన పత్రములు అన్నియు ఒక్కచోట అచ్చువేయవచ్చును. ఆ పుటను చించి చదివింపుల పుస్తకములో పెట్టుకొనుటకు వీలుగ ఒకవైపే అచ్చువేసినచో మరియు మంచిది. ముందటి యేటి పుస్తకములు ఇచ్చువారి పేర్లు, కోరువారి పేర్లు సంఘ కార్యాలయమున ఒక పుస్తకమున వ్రాయించుకొన్నను చాలును.

మొదట చెప్పిన ఇంటివారిని మేము ఈ మధ్య కలిసితిమి. అక్కగారి రెండవ కూతురికి సంబంధము చూచుచున్నారట, మాఘమున కావచ్చునట. యజమాని ఏమియు మాటలాడలేదు. ఆయన భార్య లోపలికి పోయి చదివింపుల పుస్తకము తెచ్చి, అందులో మడిచి పెట్టిన తపాలా రసీదులు రెండు మాకు చూపినది.